పేరు లేని విస్తరి

మండపేట చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళంటే వంట పేర్రాజుది, వడ్డన ఆయన భార్య తాయారుది. పేర్రాజు గాడిపొయ్యి దగ్గర నించుని గంగాళాల్లో దప్పళం తిప్పుతుంటే, తాయారు పంక్తి మొదట్లో కొంగు బిగించి నించునేది. ఎవరి విస్తట్లో ఏది నిండుకుందో ఆవిడకి అంత దూరం నించే తెలిసిపోయేది. విస్తరి వెయ్యడంలో ఆవిడ పట్టింపు మామూలుది కాదు. ఉప్పు ఈ మూల, ఊరగాయ ఆ పక్కన, పప్పు ఇక్కడ, కూర ఇక్కడ, నడిమధ్య అన్నం. ఏ ఒక్కటి చోటు మారినా వడ్డించే కుర్రాళ్ళ మీద విరుచుకుపడేది.

"చీకట్లో కూర్చోబెట్టినా తినేవాడి చెయ్యి తడుముకోకూడదురా! పప్పనుకుని చెయ్యి పెడితే పప్పే తగలాలి!"

అంతటి మనిషి ఒక పెళ్ళిలో నెయ్యి గిన్నె పట్టుకుని పంక్తి మధ్యలో ఆగిపోయింది. ఆగిందే గానీ నెయ్యి ధార ఆగలేదు. తినే పెద్దాయన "చాలమ్మా, చాలు చాలు" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన చేతి మీంచి కారి, పంచె మీద పడి, చాప దాకా పోయింది నెయ్యి. పేర్రాజు గరిటె పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే?"

తాయారు ఆయన మొహంలోకి అదేదో కొత్తగా చూసినట్టు చూసింది.

"ఏవండీ, మన హైమ ఏ క్లాసు చదువుతోందీ?"

హైమ చదువు ముగించి, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, తల్లికి కళ్ళజోడు కూడా కొనిపెట్టిన పిల్ల. ఆ కళ్ళజోడు తాయారు మెళ్ళోనే వేలాడుతోంది.

విశాఖలో తలకి స్కాన్ ఫోటో తీస్తే చెవి వెనక, మెదడులో గడ్డ అని తేలింది. హైమ పనిచేసే పరిశోధనశాల సముద్రం కనిపించే కొండ మీద ఉంది. అక్కడి పెద్ద డాక్టరు రత్నకుమారి గారు పేర్రాజుని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"గడ్డ తియ్యకపోతే మనిషి దక్కదు పేర్రాజు గారూ. తీస్తే ఆ చోట ఉన్న జ్ఞాపకాలు దక్కవు."

"జ్ఞాపకాలంటే ఏవండీ, అమ్మగారూ?"

"మిమ్మల్ని గుర్తుపట్టేవి. హైమని గుర్తుపట్టేవి. అలాంటివి."

పేర్రాజు కూతురి వైపు చూశాడు. హైమ తల వంచుకుని గోరు కొరుక్కుంటోంది. చిన్నప్పుడు పరీక్ష తప్పితే అలాగే కొరుక్కునేది.

"ఒక దారుంది నాన్నా," అంది. "ఇన్నేళ్ళూ మేం కట్టింది దానికోసమే. ఆపరేషనుకి ముందు ఆ జ్ఞాపకాల్ని తలలోంచి తోడి కంప్యూటర్లో దాస్తాం. గడ్డ తీశాక, బాగున్న చోట తిరిగి పెడతాం."

"మరింకేం? తోడండి."

"తోడితే తలలో మిగలదు నాన్నా. నకలు తియ్యడం కాదిది. బావిలో ఊటలాగా మళ్ళీ ఊరదు. తలలోంచి బయటికొచ్చాక, దాచే చోటికి చేరేదాకా, అది ఎక్కడా ఉండదు. మధ్యలో జారిపోతే జారిపోయినట్టే."

"ఇదివరకు ఎవరికైనా జారిందా?"

హైమ డాక్టరమ్మ వైపు చూసింది. ఆవిడ చెప్పమన్నట్టు తల ఊపింది.

"తునిలో ఒక టైలరుగారు ఉన్నారు. ఆయనకి జారలేదు గానీ, పక్కకి జరిగింది. ఒక్కటంటే ఒక్క గడి. లేచాక పెళ్ళాన్ని పట్టుకుని 'బావా' అని పిలిచాడు. బావమరిది పేరు వెళ్ళి ఆవిడ మొహానికి తగులుకుంది. సరైన పేరు నేను మీటలు కొట్టి కంప్యూటర్లో ఎక్కించాను. పనికిరాలేదు. తనలోంచి రాని పేరుని ఆయన తల ఒప్పుకోలేదు. పేరుతో పాటు ఆవిణ్ణే బయటికి తోసేసింది. ఇప్పటికీ ఆవిడ కాఫీ ఇస్తే 'మీరెవరమ్మా' అంటాడు."

ఆ సాయంత్రం ఆసుపత్రి గదిలో తాయారు మంచం మీద కూర్చుని కంచంలో అన్నం కలుపుకుంటోంది. ఆవిడకి అప్పటికి గుర్తులు కొంచెం తేటగా ఉన్నాయి. హైమ ఆ కంచాన్నే చూపించి తండ్రికి విడమర్చింది.

"మా బల్ల మీద రెండు ప్రోగ్రాములుంటాయి నాన్నా. ఒకటి పాతది. జ్ఞాపకాలు తోడడానికి తల మీద పెట్టే గిన్నెతో పాటు వచ్చింది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. అది ఇంట్లో భోజనం లాంటిది. దాని విస్తరి అదే వేసుకుంటుంది, అదే ఎత్తేసుకుంటుంది. రెండోది నేను రాసింది. అది ఫంక్షన్ హాలు. అక్కడ మేనేజరుంటాడు. ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు ఎత్తాలో అంతా వాడే చూసుకుంటాడు. పాతది ఒక్కో జ్ఞాపకాన్ని విస్తరిలా వేసి 'ఇదిగో' అంటుంది. మొహం ఒక గడిలో, గొంతు ఒక గడిలో, పేరు ఒక గడిలో, వాసన ఒక గడిలో. ఏ గడి ఎక్కడుందో, ఎంతుందో రెండింటికీ ఒకేలాగ తెలిసుండాలి. కొత్తది అంతా తీసుకుని 'అయింది' అనేదాకా పాతది లేవకూడదు."

"పంక్తిలో అందరి భోజనం అయ్యేదాకా లేవనట్టు," అంది తాయారు ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "ఇందులో చదువేముందే? మనింట్లో సంగతేగా."

"మనింట్లో నేర్చుకునే రాశానే అమ్మా."

"అయితే టైలరు విస్తరి ఎవరు వేశారు? తింగరి వెధవెవడో!"

"నేనే."

తాయారు కంచం ముందుకి జరిపి, "కూర ఇలా వెయ్యి," అంది.

తర్వాత అసలు మాట వచ్చింది. అన్నీ తోడితే తాయారు తట్టుకోలేదు. గడ్డ చుట్టూ ఉన్నవాటిలో ముఖ్యమైనవే తియ్యాలి. ఏవి కావాలో ఆవిడే చెప్పాలి. పెళ్ళి అంది. హైమ పుట్టుక అంది. తనని కన్నతల్లి అంది. చివరికి, కంచంలో చెయ్యి కడుక్కుని, "పిల్లాడు," అంది.

హైమకంటే ముందు ఒక మొగపిల్లాడు పుట్టి పోయాడు. ఆ ఇంట్లో ఎప్పుడు మాట వచ్చినా 'పిల్లాడు' అనే అనేవారు. అప్పుడు పెళ్ళిళ్ళ ముమ్మరం. పేర్రాజు పిఠాపురం అవతల ఎక్కడో వంటలో ఉన్నాడు. పిల్లాడు పుట్టాడన్న కబురంది, పెళ్ళి ముగించుకుని, బస్సెక్కి వచ్చేసరికి వాణ్ణి మట్టిలో పెట్టేశారు. వాడెలా ఉండేవాడో చెప్పమని పెళ్ళాన్ని ఎన్నోసార్లు అడిగాడు. "ఉంటే చూసేవారుగా" అనేది తాయారు. అంతకంటే ఒక్క ముక్క చెప్పేది కాదు. అప్పట్నించీ, వడ్డన వేళకి తనూ వెనకాలే వచ్చేదైనా, ఆయన ముందుగా పెళ్ళి వంటకి సంచి భుజాన వేసుకున్నప్పుడల్లా పెరట్లోకి వెళ్ళిపోయేది. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది లేదు.

"అది వద్దమ్మా," అంది హైమ మెల్లిగా. "ఇన్నేళ్ళు ఏడ్చావు. ఆ ఒక్కటీ పోనియ్."

"ఎలా పోనిమ్మంటావే? వాణ్ణి చూసిన మంత్రసాని పోయింది. మా అమ్మ పోయింది. మిగిలినవి నా కళ్ళే." తాయారు గొంతు పెంచలేదు. "ఇంట్లో వాడి ఫోటో ఉందా? చొక్కా ఉందా? నేను కూడా మర్చిపోతే వాడసలు పుట్టలేదన్నట్టే. నా ఏడుపు నాకు కావాలి. తోడు."

తోడే రోజు పొద్దున్న తాయారు తలకి పెట్టిన గిన్నె చూసి పేర్రాజుకి బూందీ చట్రం గుర్తొచ్చింది. అన్నీ చిల్లులు, చిల్లుకో తీగ. ఆవిడ మెలకువగానే పడుకుంది. మొగుడి గొంతు వెంట అయితే ఆవిడకి జ్ఞాపకం తేలిగ్గా పైకొస్తోందని ముందే చూశారు గనక, ఆయన్ని పక్కన కూర్చోబెట్టారు. ఆయన పని ఒక్కటే. ఒక్కో సంగతీ అందియ్యాలి. ఆవిడ దాన్ని మనసులో తలుచుకోవాలి. హైమ ముందున్న తెర మీద ఎడం పక్క పాతది, కుడి పక్క కొత్తది. కొత్తది అందుకోగానే 'టింగ్' మని గంట మోగుతుంది. గంట మోగాకే తర్వాతి మాట.

"మన పెళ్ళి తాయారూ. మీ మావయ్య తలపాగా ఊడిపోయింది చూడు."

తాయారు కళ్ళు మూసుకుంది. పెదాల మీద నవ్వొచ్చింది. టింగ్.

కళ్ళు తెరిచి, "ఇప్పుడేం అడిగారు?" అంది.

"మన పెళ్ళి."

"ఆహా," అంది మర్యాదకి తల ఊపినట్టు. ఎవరి పెళ్ళో చెబితే ఊరివాళ్ళు ఊపినట్టు. చెప్పడం వేరు, కళ్ళారా చూడడం వేరు. తన పెళ్ళి ఆ మనిషి తలలో లేదు. ఆ గాజు తెరలో ఎక్కడో ఉంది.

తాయారు వాళ్ళమ్మ జ్ఞాపకం వెళ్ళింది. హైమ పుట్టుక వెళ్ళింది; మనకెంతమంది పిల్లలని ఆవిడడిగితే, హైమ ఒక్కత్తే అని ఆయనే చెప్పాడు. ప్రతి గంటకీ పేర్రాజు చెమట తుడుచుకున్నాడు.

"నాన్నా, ఇంకొక్కటే," అంది హైమ.

పేర్రాజు భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"తాయారూ. పిల్లాడు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. మొహం మొదట మెత్తబడింది, తర్వాత బిగిసింది. కంటి చివర్నించి నీటి చుక్క జారి చెవిలోకి పోయింది. ఆ తర్వాత మొహం మీద ఏమీ లేకుండా పోయింది, అలికిన గచ్చులాగ.

గంట మోగలేదు.

"హైమా?"

తెర అడుగున పచ్చటి గీత ఒకటి కనిపించి, కుడి నించి ఎడమకి తరగడం మొదలెట్టింది.

"ఏమైంది?" అంది డాక్టరమ్మ.

"కొత్తది తీసుకోవట్లేదు. మేనేజరు గుమ్మంలోనే ఆపేశాడు. పేరు గడి ఖాళీగా ఉందట." హైమ చటుక్కున వెనక్కి తిరిగింది. "నాన్నా, పిల్లాడి పేరేంటి?"

"పేరు లేదమ్మా."

"లేకపోవడమేంటి నాన్నా!"

"పురుడన్నా వెళ్ళకుండా పోయాడు. బారసాల అయితేగా పేరు పెట్టేది? నేనింకా ఇంటికే రాలేదు."

దగ్గు, ఉలికిపాటు, సగం సగం ఆలోచనలు, పాతది అలాంటి చెత్తంతా కూడా విస్తళ్ళలా వేసి పంపేది. వాటికి పేరుండదు. అందుకని పేరు లేని విస్తరి ఎంగిలాకు, లోపలికి రానివ్వద్దు అని గుమ్మానికి రాసిపెట్టింది హైమే. తన సొంత అన్నే పేరు లేకుండా వచ్చి గుమ్మంలో నించుంటాడని ఆ పిల్లకి తట్టలేదు.

"ఆ షరతు తీసెయ్," అంది డాక్టరమ్మ.

"తియ్యాలంటే కొత్తదాన్ని ఆపాలి మేడమ్. ఆపితే పాతది ఇక జవాబు రాదనుకుని విస్తరి ఎత్తేస్తుంది. ఈ గీత అయిపోతే ఎలాగూ ఎత్తేస్తుంది."

"అయితే నువ్వే ఒక పేరు కొట్టు."

"టైలరుగారికి కొట్టాను గదండీ!" హైమ తండ్రి వైపు తిరిగింది. "పేరు అమ్మలోంచి రావాలి. నాన్నా, గిన్నె ఇంకా పట్టే ఉంది. అమ్మ తలుచుకుంటే ఆ గడిలోకి వెళ్తుంది. పేరు పెట్టు. ఏదో ఒకటి. తొందరగా!"

పేర్రాజు భార్య మీదికి వంగాడు.

"తాయారూ, పిల్లాడికి పేరు పెడదాం."

"ఎవరి పిల్లాడికి?" అంది తాయారు.

గీత సగానికి వచ్చింది.

"మన పిల్లాడికే."

"మనకి పిల్లాడేంటండీ? హైమ ఒక్కత్తే అన్నారుగా ఇందాకా."

"హైమకంటే ముందు పుట్టాడే."

"నేను కనకుండానే?" ఆవిడ గొంతులో వేళాకోళం. "పొయ్యి దగ్గర వేడెక్కిందా తలకి?"

"నాన్నా!" అంది హైమ.

పిఠాపురం నించి వచ్చే బస్సులో, కిటికీ పక్క సీట్లో, పేర్రాజు ఒక పేరు అనుకున్నాడు. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాడు. దిగాక ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఇప్పుడాయన భార్య చెవి దగ్గర నోరు పెట్టాడు, పసిబిడ్డ చెవిలో చెప్పినట్టు.

"గవర్రాజు."

"ఛీ ఛీ, మీ నాన్న పేరా!" అంది తాయారు. "ఆ పేరు పెడితే పుట్టగానే ముసలాడైపోడూ?"

"తాయారూ, ఒట్టు. వాడు నీ కడుపున పుట్టినవాడు. నీకు గుర్తు లేదు, నాకు తెలుసు. నన్ను నమ్ము. వాడికి ఇంకెవరూ లేరే. ఒక్కసారి నీ నోటితో పిలువు. గవర్రాజు."

ఆవిడ ఆయన్ని చూసింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు ఆవిడ చెంప మీద పడుతున్నాయి. ఆ మనిషి పొయ్యి పొగకి తప్ప కంటతడి పెట్టగా చూసినట్టు ఆవిడకి గుర్తు లేదు.

గీత ఇంత ముక్క మిగిలింది. రంగు ఎర్రబడింది.

"గవర్రాజు," అన్నాడు మూడోసారి.

"సరే లెండి," అంది తాయారు. "తండ్రి పెట్టాలి గదా పేరు. గవర్రాజంటే గవర్రాజే. నా నాన్న, నా గవర్రాజు."

టింగ్.

హైమ బల్ల మీద తల వాల్చేసింది. డాక్టరమ్మ వచ్చి ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి, అలాగే నించుంది.

గడ్డ తీశారు. తోడినవన్నీ తిరిగి పెట్టారు. తాయారు కళ్ళు తెరిచేదాకా పేర్రాజు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తెరిచి, ఆవిడ ముందు కూతుర్ని చూసింది.

"ఏమే హైమా, జుట్టు దువ్వుకోలేదా?" అంది. తర్వాత మొగుణ్ణి చూసింది. "ఆయనకేమైనా పెట్టావా తినడానికి?"

ఇంటికి వచ్చాక మాత్రం ఒక తేడా కనిపెట్టాడు. ముందు అర్థం కాలేదు. తాయారు ఆయనతో మెత్తగా ఉంటోంది. ఒకరోజు కాఫీ ఇస్తూ, "పాపం మన గవర్రాజు. మీరు చెవిలో పేరు చెప్తుంటే ఎంత బుద్ధిగా విన్నాడో," అంది.

ఆయన హైమకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు.

"నువ్వు చెవిలో చెప్పిన ముక్క పేరుతో పాటు వెళ్ళిపోయింది నాన్నా. పిల్లాడి దగ్గర అతుక్కుపోయింది. నువ్వప్పుడు పక్కనే ఉన్నట్టు గుర్తు అమ్మకి. విడదియ్యడం నా వల్ల కాదు." మళ్ళీ తనే, "మంచిదేగా? అమ్మకి నీ మీద ఉన్న కోపం పోయింది. వదిలెయ్ నాన్నా," అంది.

వదిలేశాడు. వదిలెయ్యడం బాగానే ఉంది కూడా. తాయారు పక్కన కూర్చుని వక్క కత్తిరించి ఇస్తుంటే, ఇన్నేళ్ళూ ఇలాగే ఉండాల్సింది కదా అనిపించేది. రాత్రుళ్ళు మాత్రం నిద్ర పట్టేది కాదు.

మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ఆ మధ్యాహ్నం పేర్రాజు సంచి భుజాన వేసుకున్నాడు. తాయారు అరుగు మీద కూర్చుని విస్తళ్ళు కుడుతోంది. ఆయన్ని చూసి లేచి, మెట్టు దాకా వచ్చింది. ఆవిడ అలా రావడం పెళ్ళైన కొత్తలో చూశాడు, మళ్ళీ ఇప్పుడు. బయట ఆటోలో వంటవాళ్ళు కాచుకుని ఉన్నారు.

"జాగ్రత్తగా వెళ్ళి రండి," అంది. అని, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "ఇందాకట్నించీ అనుకుంటున్నాను. మన గవర్రాజు చెవులు ఎవరి పోలికండీ? మీవా, మా అన్నయ్యవా? చూశారుగా, చెప్పండి."

ఒక్క మాట అంటే సరిపోతుంది. ఏదో ఒకటి. పేర్రాజు నోటిదాకా వచ్చింది కూడా.

సంచి దించి అరుగు మీద పెట్టాడు.

"నేను వాణ్ణి చూడలేదే తాయారూ."

"అదేంటి?"

"నేనప్పుడు లేను. పిఠాపురం అవతల వంటలో ఉన్నాను. వచ్చేసరికి వాడు లేడు."

"మరి చెవిలో పేరు చెప్పిందెవరు?"

"నేనే. మొన్న విశాఖలో, ఆ గిన్నె నీ తల మీద ఉన్నప్పుడు. నీ చెవిలో చెప్పాను."

తాయారు వెనక్కి వెళ్ళి చతికిలబడింది. విస్తరాకు చేతిలోకి తీసుకుని, పుల్ల గుచ్చబోయి, గుచ్చలేకపోయింది. ఆయన ఎదురుచూస్తున్న చూపు, ఎన్నో ఏళ్ళుగా తెలిసిన ఆ కోపపు చూపు, ఆవిడ కళ్ళలోకి మెల్లిగా తిరిగొచ్చింది.

"ఎందుకు చెప్పారు ఇప్పుడు?" అంది. "నేనడిగానా? హాయిగా ఉన్నాను గదా!"

"హాయిగా ఉన్నావనే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను."

"మూసుకునే ఉండాల్సింది."

"వాడి చెవులు అడిగావు. నాకు తెలీదు. నోటికొచ్చింది చెప్తే, రేపట్నించి నీకు కనపడే మొహం నేను కల్పించింది అవుతుంది. వాడిది కాదు. వాడిది నీ ఒక్కదాని దగ్గరే ఉందే."

బయట ఆటో హారన్ కొట్టింది. ఎవరో "బాబాయ్, పెళ్ళివారు ఫోన్ చేస్తున్నారు!" అని కేకేశారు. పేర్రాజు తిరిగి చూడలేదు. భార్యకి ఎదురుగా, కింద, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు.

"ఇప్పుడా? వంటకి ఆలస్యం కాదూ?"

"మనవాళ్ళు పొయ్యి వెలిగిస్తారులే. నువ్వు అయిందనేదాకా నేను లేవను."

"సగంలో లేచారో..." అంది తాయారు. ఆ మాట కోపంగానే మొదలై, చివర తడబడింది.

"లేవను."

ఆవిడ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. కుట్టి పక్కన పెట్టిన విస్తరి ఒకటి తీసి ఇద్దరి మధ్యా పరిచింది. అరచేత్తో దుమ్ము తుడిచింది. వడ్డించేటప్పుడు ఉప్పు వేసే చోట వేలు పెట్టి, అక్కణ్ణించి మెల్లిగా పైకి జరిపింది.

"ఇదిగో, ఇక్కడ నుదురు," అంది. "ఇంత వెడల్పు. నూగు ఉండేది, గోధుమ రంగులో. కళ్ళు ఇక్కడ. అంత పసివాడు, ఏడవకుండా చూసేవాడండీ. చెవులు..."

వేలు విస్తరి అంచు దాకా వెళ్ళి ఆగింది. తలెత్తి మొగుడి చెవుల వైపు, అటొకసారి ఇటొకసారి చూసింది.